చేపల తొట్టికి వడపోత సాధనం

పాఠశాల ప్రయోగశాలలోనో, ఇంటి ముందుగదిలోనో కొత్తగా ఒక గాజు తొట్టిని అమర్చి, అందులో ఇసుక, నీటి మొక్కలు, రంగురంగుల చేపలు ఉంచినప్పుడు తరచుగా ఒక వింత జరుగుతుంది. మొదటి మూడు, నాలుగు రోజులు చేపలు చురుకుగా తిరుగుతాయి. వారం గడిచేసరికి ఒకటి, రెండు చేపలు నీటి పైభాగానికి చేరి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ కనబడతాయి. రెండు, మూడు వారాలలో సగం చేపలు చనిపోతాయి. ఆశ్చర్యమేమంటే, అప్పటికి కూడ తొట్టిలోని నీరు అద్దంవలె తేటగానే ఉంటుంది. వడపోత యంత్రం రాత్రింబగళ్ళు పనిచేస్తూనే ఉంటుంది.

చేపలు జబ్బువని కొందరు, అమ్మినవారు మోసగించారని కొందరు, తొట్టి అచ్చిరాలేదని మరికొందరు అనుకొంటారు. మళ్ళీ చేపలను కొని తెస్తారు. లేదా మరింత ఖరీదైన యంత్రాన్ని తెచ్చి బిగిస్తారు. రెండవసారి కూడ చేపలు చనిపోతే తొట్టి అటక ఎక్కుతుంది. నీరు తేటగా ఉన్నప్పుడు చేపలు ఎందుకు చనిపోయినవి? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినవారికే ఏ తొట్టికి ఏ వడపోత సాధనం తగినదో నిర్ణయించడం సాధ్యమవుతుంది.

నిజానికి 'వడపోత' అనే మాటే ఇక్కడ కొంత పొరపాటుకు దారితీస్తుంది. టీ వడగట్టే జాలి గాని, పాలు వడగట్టే గుడ్డ గాని కంటికి కనిపించే నలుసులను ఆపుతుంది. చేపల ప్రాణం తీసేది నలుసు కాదు; నీటిలో కరిగిపోయి, రంగులేకుండా ఉండే పదార్థం. దానిని ఏ గుడ్డా ఆపలేదు.

చెరువుకూ తొట్టికీ భేదం

చెరువులో చేపకు లభించే నీరు అపారం. అది విసర్జించిన మలినం లక్షలాది లీటర్ల నీటిలో కలిసి పలచబడిపోతుంది. నీటి మొక్కలు, నాచు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు ఆ మలినాన్ని ఎప్పటికప్పుడు వినియోగించుకొంటాయి. తొట్టిలోనో, పది చేపలకు కలిపి ఏ 60 లీటర్ల నీరో ఉంటుంది. అవి శ్వాసించేదీ, తినేదీ, విసర్జించేదీ ఆ కొద్దిపాటి నీటిలోనే. కాబట్టి చెరువులో ప్రకృతి చేసే పనిని తొట్టిలో మనం ఏదో ఒక ఏర్పాటు ద్వారా జరిపించవలసి ఉంటుంది.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన మొదటివారిలో లండను నగరపు రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టన్ ఒకడు. ఆయన ఒక తొట్టిలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటి మొక్కలను ఉంచి పరిశీలించాడు. కొంతకాలానికి మొక్కల ముదురాకులు కుళ్ళి, నాచు పెరిగి నీరు చెడసాగింది. అప్పుడాయన కొన్ని నీటి నత్తలను ప్రవేశపెట్టాడు. నత్తలు కుళ్ళిన ఆకులను తిన్నవి; నీరు తేరుకొన్నది. జంతువులకు, మొక్కలకు మధ్య తొట్టిలో సమతౌల్యాన్ని నిలబెట్టవచ్చునని 1850లో ఆయన ప్రకటించాడు. చేపలు విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్కలు గ్రహించి ఆమ్లజనిని ఇస్తాయన్నది ఆనాటికే తెలిసిన విషయం. ఐతే చేపలు విసర్జించే నత్రజని సంగతి ఏమిటి? ఆ ప్రశ్నకు సమాధానం మరొక తరం గడిచిన తరువాతనే దొరికింది. దానిని వెదకినవారిలో ఒకడు ఈ వారింగ్టన్ కుమారుడే కావడం విశేషం.

కంటికి కనబడని విషం

చేప తినే ఆహారంలో ముఖ్యభాగం మాంసకృత్తులు. మాంసకృత్తుల బరువులో సుమారు 16 శాతం నత్రజని. ఇందులో కొంత చేప శరీరపు పెరుగుదలకు ఉపయోగపడగా, మిగిలినది అమోనియా రూపంలో బయటికి పోతుంది. ఇది చాలవరకు మూత్రంతో కాక మొప్పల గుండానే నీటిలోకి ప్రవేశిస్తుందని గుర్తుంచుకోవాలి. తినకుండా మిగిలిన ఆహారం, చేపల మలం, కుళ్ళిన ఆకులు కూడ చివరకు అమోనియానే ఇస్తాయి.

దీని పరిమాణాన్ని విద్యార్థులు సులభంగా లెక్కకట్టవచ్చు. ఒక తొట్టిలో 60 లీటర్ల నీరు, మొత్తం 10 గ్రాముల బరువుగల చిన్న చేపలు ఉన్నవనుకొందాం. వాటికి రోజుకు బరువులో 3 శాతం, అనగా 0.3 గ్రాముల ఆహారం వేశామనుకొందాం. ఆ ఆహారంలో 40 శాతం మాంసకృత్తులు ఉంటే, అందులోని నత్రజని సుమారు 19 మిల్లీగ్రాములు. అందులో సగం మాత్రమే నీటిలో చేరినదనుకొన్నా, అది దాదాపు 12 మిల్లీగ్రాముల అమోనియాతో సమానం. 60 లీటర్ల నీటిలో ఇది లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. ఐదు రోజులలో లీటరుకు 1 మిల్లీగ్రాము అవుతుంది.

నీటిలో అమోనియా రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి విద్యుదావేశంలేని అమోనియా; ఇది మొప్పల గుండా సులభంగా చేప శరీరంలో ప్రవేశించే విషం. రెండవది అమ్మోనియం అయాను. దీని వల్ల హాని చాల తక్కువ. ఏది ఎంత ఉండునో నీటి పి.హెచ్. విలువపైన, ఉష్ణోగ్రతపైన ఆధారపడుతుంది. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తంలో సుమారు అర శాతం మాత్రమే విషరూపంలో ఉంటుంది. పి.హెచ్. 8 అయితే అది సుమారు 5 శాతానికి పెరుగుతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు అయితే అదే పి.హెచ్. వద్ద 7 శాతం దాటుతుంది. విషరూపంలోని అమోనియా లీటరుకు 0.02 మిల్లీగ్రాములను మించి చాలకాలం ఉండటం చేపలకు మంచిది కాదు. పై ఉదాహరణలో ఐదవ రోజుకే, పి.హెచ్. 8 గల వెచ్చని నీటిలో అది 0.07 మిల్లీగ్రాములకు చేరుతుంది. తెలంగాణలోను, రాయలసీమలోను అనేకచోట్ల బోరు నీరు కఠినజలం, దాని పి.హెచ్. 7ను మించి ఉండటం సామాన్యం. వేసవిలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటడం కూడ సామాన్యమే. కనుక చల్లని దేశాల పుస్తకాలలో చెప్పిన సమయంకంటె ముందుగానే మన తొట్టిలో ప్రమాదం రావచ్చు.

ఇసుక గొట్టం చెప్పిన రహస్యం

1877లో ష్లోజింగ్, మ్యుంట్జ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మురుగునీరు నేలలో ఇంకినప్పుడు ఎట్లా శుభ్రపడుతుందో తెలుసుకొనదలచి ఒక ప్రయోగం చేశారు. ఇసుక, సున్నపురాతి పొడి నింపిన ఒక గాజు గొట్టం గుండా మురుగునీటిని మెల్లమెల్లగా పోనిచ్చారు. మొదటి 20 రోజులు నీటిలోని అమోనియా ఏ మార్పూ లేకుండా అడుగునుండి బయటికి వచ్చింది. ఆ తరువాత బయటికి వచ్చే నీటిలో నైట్రేటు కనబడసాగింది. క్రమంగా అమోనియా పూర్తిగా మాయమైంది.

ఇది కేవలం రసాయనిక చర్యే అయితే మొదటిరోజునే ఆరంభం కావలసి ఉండగా, 20 రోజులు ఎందుకు ఆగింది? ఏదో ఒక జీవి ఇసుకలో కుదురుకొని వృద్ధిచెందడానికి ఆ సమయం పట్టి ఉండాలని వారు ఊహించారు. ఊహను పరీక్షించడానికి గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరిని పంపారు. నైట్రేటు తయారు కావడం ఆగిపోయింది. క్లోరోఫారాన్ని తొలగించి, కొద్దిగా తోటమట్టి కలిపిన నీటిని పోసిన తరువాత ఆ చర్య మళ్ళీ మొదలైంది. మార్పు జరిపేది సూక్ష్మజీవులేనని దీనివల్ల రుజువైంది.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయంలో రాబర్టు వారింగ్టన్ అనే పేరే గల ఆ కుమారుడు ఈ పరిశోధనను కొనసాగించి, అమోనియా మొదట నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా రెండు అంచెలలో మారుతుందని, రెండు అంచెలకు వేర్వేరు సూక్ష్మజీవులు కారణమని చూపాడు. తండ్రి తొట్టిలో జరిగినదేమిటో కుమారుడు నేలను పరిశోధించి తెలుసుకొన్నాడన్నమాట. 1890లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ బాక్టీరియాను వేరుచేసి పెంచగలిగాడు. అవి కుళ్ళిన పదార్థాన్ని తినేవి కావు; అమోనియాను ఆమ్లజనితో కలపగా వెలువడే శక్తితోనే జీవిస్తూ, బొగ్గుపులుసు వాయువునుండి తమ శరీరాన్ని నిర్మించుకొంటాయి.

చాలకాలంవరకు నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అనే రెండు రకాలే ఈ పని మొత్తం చేస్తాయని పాఠ్యపుస్తకాలు చెప్పినవి. 1998లో ప్రకటితమైన పరిశోధనలో మంచినీటి తొట్లలో నైట్రైటును నైట్రేటుగా మార్చేది ప్రధానంగా నైట్రోస్పైరా అని తేలింది. ఆర్కియా అనే మరొక తెగ సూక్ష్మజీవులు అనేక తొట్ల వడపోత సాధనాలలో అమోనియాను మారుస్తున్నట్లు 2011లో వెల్లడైంది. రెండు అంచెలనూ ఒక్కటే పూర్తిచేయగల నైట్రోస్పైరా రకాలు ఉన్నట్లు 2015లో కనుగొన్నారు. వాటిలో కొన్ని దొరికినది చేపల పెంపకశాలకు చెందిన ఒక వడపోత సాధనంలోనే.

మొదట చెప్పిన వింతకు కారణం ఇప్పుడు తెలిసినది. కొత్త తొట్టి ఆ ఫ్రెంచి శాస్త్రజ్ఞుల ఇసుక గొట్టం వంటిది. అందులో యంత్రం ఉన్నది. యంత్రంలో నివసించవలసిన జీవులు ఇంకా లేవు. కుళ్ళిన పదార్థంపై పెరిగే కొన్ని బాక్టీరియా 20 నిమిషాలకొకసారి రెట్టింపు కాగలవు. నైట్రేటును తయారుచేసే ఈ జీవులు రెట్టింపు కావడానికి అనుకూల పరిస్థితులలో సైతం అనేక గంటలు, తరచుగా ఒక రోజు లేక అంతకు మించిన కాలం పడుతుంది. తొలివారాలలో అమోనియా పేరుకొంటుంది. దాని తరువాత నైట్రైటు పేరుకొంటుంది. నైట్రైటు చేప రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆమ్లజని మోయలేని రూపానికి మారుస్తుంది. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీటిలో గాలి ఉన్నా చేప ఊపిరాడక పైకి వచ్చి నోరు తెరవడానికి ఇది ఒక కారణం.

వడపోత సాధనం చేసే మూడు పనులు

మొదటిది జల్లెడ పని. స్పాంజి గాని, పీచుదూది గాని నీటిలోని మలాన్ని, ఆహారపు తునకలను పట్టుకొంటుంది, నీరు తేటపడుతుంది. కాని పట్టుబడిన మలినం ఇంకా నీటిలోనే ఉన్నది. దానిని బయటికి తీసి కడగనంతవరకు అది కుళ్ళి అమోనియాను ఇస్తూనే ఉంటుంది.

రెండవది రసాయనిక శోషణ. ఉత్తేజిత బొగ్గు నీటిలోని రంగును, వాసనను, కొన్ని మందులను తన పైతలానికి అంటించుకొంటుంది. అమోనియాను మాత్రం అది తొలగించజాలదు. పైగా కొన్ని వారాలకు దాని శక్తి ఉడిగిపోతుంది. చేపలకు మందు వేసిన తరువాత ఆ మందును నీటినుండి తీసివేయడానికి బొగ్గు ఉపయోగకరం. నిత్యం దానికై ఖర్చుపెట్టవలసిన అవసరం లేదు.

మూడవది సూక్ష్మజీవుల పని. చేపల ప్రాణం నిలిపేది ఇదే. ఈ పనికి మూడు వసతులు కావాలి. మొదటిది నివాసస్థలం. ఈ జీవులు నీటిలో తేలియాడవు. ఏదో ఒక తలానికి అంటుకొని పలుచని పొరగా పెరుగుతాయి. ఒక సెంటీమీటరు భుజం గల ఘనానికి 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. దానినే ఒక మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. సన్నని రంధ్రాలు గల స్పాంజి, పింగాణీ ఉంగరాలు, గులకరాళ్ళు ఇందుకే వాడతారు. ఐతే రంధ్రాలు మరీ సన్ననివైతే మలినంతో పూడుకొనిపోతాయి.

రెండవ వసతి ఆమ్లజని. అమోనియాలోని ఒక మిల్లీగ్రాము నత్రజని నైట్రేటుగా మారడానికి సుమారు 4.6 మిల్లీగ్రాముల ఆమ్లజని ఖర్చవుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ఆమ్లజని కరగగలిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. కాబట్టి ఉష్ణదేశంలో నీటిని కదిలించి గాలిని కరిగించే సాధనానికి విలువ ఎక్కువ. మూడవ వసతి ఎడతెగని నీటి ప్రవాహం. అమోనియాను, ఆమ్లజనిని జీవులవద్దకు చేర్చేది అదే.

సాధనాలలో రకాలు

స్పాంజి ఫిల్టరు అన్నిటికంటె సరళమైనది. ఒక నిలువు గొట్టం అడుగున స్పాంజి ముద్ద ఉంటుంది. గాలి పంపునుండి సన్నని గొట్టం ద్వారా వచ్చే గాలి నిలువు గొట్టంలో బుడగలుగా పైకి లేస్తుంది. బుడగలు కలిసిన నీరు తేలికపడి పైకి పోగా, దానిస్థానంలోకి స్పాంజి గుండా కొత్త నీరు వస్తుంది. నీటిలో కదిలే యంత్రభాగం ఒక్కటీ లేదు. చిన్న చేపపిల్లలను లాగివేయదు. ధర స్వల్పం. నీటిని మిరుమిట్లు గొలిపేంత తేటగా చేయలేకపోవడం, తొట్టిలో కొంత చోటు ఆక్రమించడం దీని లోపాలు.

అడుగు ఫిల్టరులో రంధ్రాలుగల పలకపైన గులకరాళ్ళను 5 నుండి 7 సెంటీమీటర్ల మందంగా పరుస్తారు. పైన చెప్పిన బుడగల పద్ధతిలోనే నీరు రాళ్ళ గుండా కిందికి దిగి గొట్టం ద్వారా పైకి వస్తుంది. తొట్టి అడుగంతా సూక్ష్మజీవుల నివాసమే అవుతుంది. కాని మలినం రాళ్ళ మధ్య చిక్కుకొంటుంది; గొట్టంతో దానిని తరచుగా లాగివేయకపోతే దారులు పూడిపోతాయి. సన్నని ఇసుక దీనికి పనికిరాదు.

దుకాణాలలో ఇంటర్నల్ ఫిల్టరు అని పిలిచేది నీటిలో మునిగి ఉండే చిన్న మోటారు, స్పాంజి కలిసిన సాధనం. టాప్ ఫిల్టరు తొట్టిపైన అమర్చే పెట్టె. మోటారు నీటిని ఎత్తిపోయగా అది దూది, రాళ్ళ గుండా దిగి తిరిగి తొట్టిలో పడుతుంది. నీరు గాలిలో పడుతూ వస్తుంది కనుక ఆమ్లజని బాగా కరుగుతుంది. పెట్టెను తెరిచి శుభ్రపరచడం కూడ తేలిక. అంచున వేలాడే హ్యాంగ్ ఆన్ ఫిల్టరు కూడ ఇట్టిదే.

కానిస్టర్ ఫిల్టరు తొట్టి కింద ఉంచే మూతగల డబ్బా. అందులో స్పాంజి, పింగాణీ ఉంగరాలు చాల పరిమాణంలో పడతాయి. వంద లీటర్లు దాటిన పెద్ద తొట్లకు ఇది సమర్థమైనది. కాని ఖరీదు హెచ్చు. విద్యుత్తు పోయినప్పుడు మూసిన డబ్బాలోని జీవులు కొద్ది గంటలలోనే అందులోని ఆమ్లజనిని హరించివేస్తాయి. ఆ తరువాత అవే నశించడం మొదలవుతుంది. చాలసేపు ఆగిన డబ్బాను తెరిచి, కడగకుండా మళ్ళీ నడిపితే లోపలి కుళ్ళు నీరు చేపలపైకి వస్తుంది.

నీటి మొక్కలను కూడ ఈ జాబితాలో చేర్చాలి. అనేక నీటి మొక్కలు నైట్రేటుకంటె అమ్మోనియాన్నే ముందుగా గ్రహిస్తాయి. చేపలు తక్కువగా, వేగంగా పెరిగే మొక్కలు ఎక్కువగా ఉన్న తొట్టిలో వడపోత సాధనం మోయవలసిన భారం సగానికి సగం తగ్గినా ఆశ్చర్యం లేదు.

ఎంపిక ఎట్లా?

కొనేవారు సామాన్యంగా తొట్టి ఎన్ని లీటర్లో చెప్పి సాధనాన్ని అడుగుతారు. లీటర్లకంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: రోజుకు ఎంత ఆహారం వేయబోతున్నాము? అమోనియా భారాన్ని నిర్ణయించేది అదే. ఒకే 60 లీటర్ల తొట్టిలో పది గప్పీలు ఉండటం వేరు, నాలుగు బంగారు చేపలు ఉండటం వేరు. బంగారు చేప ఎక్కువ తిని, పెద్దదిగా పెరిగి, ఎంతో మలినాన్ని విడుస్తుంది. దానికి ముందుగా పెద్ద తొట్టి కావాలి. ఆపైన పెద్ద వడపోత సాధనం కావాలి.

రెండవ ప్రశ్న ప్రవాహవేగం. గంటకు తొట్టి పరిమాణానికి నాలుగైదు రెట్ల నీరు సాధనం గుండా పోవాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. 60 లీటర్ల తొట్టికి గంటకు 240 నుండి 300 లీటర్లు. పెట్టెపైన ముద్రించిన అంకె ఖాళీ మోటారుది. స్పాంజి మురికి పట్టిన తరువాత ప్రవాహం అందులో సగానికి తగ్గవచ్చు. గౌరామి, బెట్టా వంటి చేపలు నిలకడ నీటి జీవులు. వేగమైన ధారలో అవి అలసిపోతాయి. వాటికి స్పాంజి ఫిల్టరే మేలు.

మూడవది విద్యుత్తు. పాఠశాలలో సాయంత్రం తలుపులు మూసేటప్పుడు మీటలన్నీ కట్టివేసే అలవాటు ఉంటే ఏ వడపోత సాధనమూ చేపలను కాపాడలేదు. ఆ ఒక్క మీట ఆపకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలి. కరెంటు తరచుగా పోయే చోట బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి దగ్గర ఉంచుకొని, స్పాంజి ఫిల్టరును దానితో నడపవచ్చు. గాలి పంపును నీటిమట్టానికి పైన ఉంచాలి. కింద ఉంచితే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం గుండా వెనుకకు వచ్చి పంపును పాడుచేస్తుంది.

వీటన్నిటినీ చూడగా, పాఠశాలలో గాని ఇంట్లో గాని 60 లీటర్ల తొట్టిలో పది, పన్నెండు చిన్న చేపలను పెంచదలచినవారికి రెండు స్పాంజి ఫిల్టర్లు, ఒక గాలి పంపు, కొన్ని నీటి మొక్కలు చాలును. రెండు స్పాంజీలు ఎందుకనగా, ఒకదానిని కడిగినప్పుడు రెండవదానిలోని జీవులు పని సాగిస్తాయి. బంగారు చేపలను వంద లీటర్లకు మించిన తొట్టిలో పెంచేవారు టాప్ ఫిల్టరునో, కానిస్టరునో కొనడం సమంజసం.

మొదటి నెల

సాధనాన్ని కొన్న నాడే చేపలను కొనకూడదు. తొట్టిని నింపి, వడపోతను నడుపుతూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు ఆహారం వేయాలి. అది కుళ్ళి అమోనియాను ఇస్తుంది. ఆ అమోనియాపై సూక్ష్మజీవులు పెరుగుతాయి. సామాన్యంగా ఇందుకు మూడు నుండి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టినుండి ఒక స్పాంజి ముక్క తెచ్చి కొత్తదానిలో ఉంచితే సమయం బాగా తగ్గుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గొట్టంలో తోటమట్టి నీరు పోసినది కూడ ఇందుకే.

ఉపాధ్యాయులు దీనిని ఒక చక్కని ప్రయోగంగా మార్చవచ్చు. రెండు పెద్ద గాజు జాడీలలో సమానంగా నీరు పోసి, రెండింటికీ గాలి పంపునుండి బుడగలు పంపాలి. ఒకదానిలో కొత్త స్పాంజి, రెండవదానిలో పాత తొట్టి స్పాంజి ఉంచి, రోజూ సమానంగా కొద్దిపాటి ఆహారం వేయాలి. చేపలు అవసరం లేదు. రెండురోజుల కొకసారి అమోనియా, నైట్రైటు, నైట్రేటులను దుకాణాలలో దొరికే పరీక్షా ద్రవాలతో కొలిచి, విద్యార్థులచేత గ్రాఫులు గీయించాలి. నెస్లరు కారకంలో పాదరసం ఉంటుంది కనుక విద్యార్థుల చేతికి దానిని ఇవ్వక, సాలిసిలేటు పద్ధతి గల ద్రవాలను వాడటం మంచిది. కొత్త స్పాంజి జాడీలో అమోనియా రేఖ పైకి లేచి దిగుతుంది. అది దిగేవేళకు నైట్రైటు రేఖ లేస్తుంది. అదీ దిగిన తరువాత నైట్రేటు రేఖ నిలకడగా ఎక్కుతూ పోతుంది. పాత స్పాంజి జాడీలో మొదటి రెండు రేఖలు అంతగా లేవవు. అమోనియా, నైట్రైటు రెండూ పరీక్షలో కనబడని నాడు సగం నీటిని మార్చి, రెండు మూడు చేపలను మాత్రం వేయాలి. వారం, పది రోజులకు మరికొన్నిటిని చేర్చవచ్చు.

పోషణ

స్పాంజిని కుళాయి కింద తోమి కడగటం అన్నిటికంటె పెద్ద పొరపాటు. కుళాయి నీటిలోని క్లోరిన్ రోగక్రిములను చంపడానికి కలిపినది. నెలరోజులు శ్రమించి పెరిగిన జీవులను కూడ అది చంపుతుంది. తొట్టి కడిగి, రాళ్ళు ఉడకబెట్టి, స్పాంజి తోమి, కొత్తనీరు పోసిన వారానికి చేపలు చనిపోవడానికి కారణం ఇదే: తొట్టి మళ్ళీ మొదటిరోజుకు వచ్చింది. తొట్టినుండి తీసిన నీటిని ఒక బకెట్టులో పోసి, అందులో స్పాంజిని రెండు మూడు మార్లు పిండితే చాలును. తొట్టిలో పోసే కుళాయి నీటిని ఒక రోజు వెడల్పు పాత్రలో ఉంచి గాని, సోడియం థయోసల్ఫేటు కలిపి గాని క్లోరిన్‌ను పోగొట్టాలి.

వడపోత ఎంత మంచిదైనా నీటి మార్పు తప్పదు. సూక్ష్మజీవులు అమోనియాను నైట్రేటుగా మారుస్తాయే గాని నైట్రేటును తొలగించవు. పై ఉదాహరణలోని తొట్టిలో వారానికి లీటరుకు 5 మిల్లీగ్రాముల నైట్రేటు చేరుతుంది. వారానికొకసారి నాలుగవ వంతు నీటిని మారుస్తూ పోతే, కొత్త నీటిలో నైట్రేటు లేదనుకొన్నప్పుడు, అది మార్పుకు ముందు 20, మార్పు తరువాత 15 మిల్లీగ్రాముల వద్ద నిలకడ చెందుతుంది. ఇది చేపలు తట్టుకోగల పరిమాణం. మార్చకపోతే అది ఏడాదికి 250 దాటుతుంది. అంతేగాక, ఈ చర్యలో నీటి క్షారత కూడ తరుగుతూ ఉంటుంది. మెత్తని నీటిలో పి.హెచ్. పడిపోయి సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. కొత్త నీరు ఆ లోటును కూడ పూరిస్తుంది.

నగరాల మురుగునీటిని శుద్ధిచేసే కర్మాగారాలలోను, తక్కువ నీటితో చేపలను దట్టంగా పెంచే పెంపకశాలలలోను ఇదే సూత్రం పనిచేస్తున్నది. మేజాబల్లపైన పట్టే ఒక తొట్టిలో దానిని విద్యార్థి కళ్ళారా చూడవచ్చు. కావలసినవి కొద్దిపాటి స్పాంజి, ఎడతెగని గాలి, చేపలను కొనడానికి ముందు ఒక నెల ఓపిక.